గ్రీజ్ ట్రాప్ కడిగినా మ్యాన్‌హోల్ ఎందుకు పూడుతోంది? లోపం టీ పైపులో

మా టిఫిన్ సెంటర్‌లో గ్రీజ్ ట్రాప్, అంటే సింకు నీళ్లలోని నూనె, జిడ్డును ఆపే గుంట, ఎన్నిసార్లు కడిగించినా బయటి మ్యాన్‌హోల్ జిడ్డుగడ్డలతో పూడిపోయేది. నీళ్లు తోడించి చూస్తే, బయటికి వెళ్లే వైపు టీ పైపు (ఇంగ్లిష్ ‘T’ ఆకారపు పైపు) కింది ముక్క ఊడిపోయి ఉంది. ట్రాప్ పనంతా ఆ ముక్కమీదే. నూనె పైకి తేలుతుంది, పిండి, మెతుకులు అడుక్కి దిగుతాయి, మధ్యలోని నీరే ఆ ముక్క గుండా బయటికి పోవాలి. ఆ ముక్క లేకపోతే తేలిన జిడ్డంతా నేరుగా డ్రైనేజీలోకే.

4 అంగుళాల పీవీసీ టీ బిగించి, కింది గొట్టం గుంట నేలకు 20 సెంటీమీటర్ల పైన ఆగేలా కోయించాను. టీ పై నోటికి మాత్రం మూత బిగించొద్దు. మూస్తే గాలి అందక సైఫన్ పట్టి, అంటే పైపే పీల్చి, గుంటలోని నీళ్లను లాగేస్తుంది, పైగా అడ్డుపడితే ఊచ దింపడానికీ దారుండదు.

సైజు లెక్క సులువు: సింకుల నుంచి నిమిషానికి 20 లీటర్లు వస్తే, జిడ్డు తేలేలా నీళ్లు అరగంట నిలవడానికి 600 లీటర్ల గుంట కావాలి. సింకు కింద పెట్టే చిన్న స్టీలు పెట్టె దోసె పిండి గిన్నెలకు ఏ మూలకూ చాలదు. టాయిలెట్ లైను ఇందులో కలపనే కూడదు.

ఎప్పుడు తోడించాలి? కర్ర ముంచి చూడండి. పై జిడ్డు, అడుగు మడ్డి కలిపి నీటి లోతులో నాలుగో వంతుకు చేరితే ఇక ఆగొద్దు. 80 సెంటీమీటర్ల లోతుకు 20 అన్నమాట. తోడాక మంచినీళ్లతో నింపాకే సింకు వాడాలి; ఖాళీ గుంట జిడ్డును ఆపదు.

కాస్టిక్ సోడా, మరిగే నీళ్లు పోస్తే జిడ్డు కరిగి, ముందున్న పైపులో చల్లారి మళ్లీ గడ్డకడుతుంది. చాలామంది పనివాళ్ల మొదటి సలహా మాత్రం అదే! వేయించిన నూనెను సింకులో పోయకుండా డబ్బాలో పట్టి, బయోడీజిల్ కోసం సేకరించేవాళ్లకు ఇవ్వండి. ట్రాప్ జిడ్డు అందులో కలిపితే తీసుకోరు.