పెద్దల జ్ఞాపకశక్తిలో మార్పును కొలవడం – 3వ పాఠం: రెండు మార్కులు తగ్గితే తగ్గినట్టేనా?

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో ఒక పెద్దాయనకు మొదట ఎంఎంఎస్ఈ (జ్ఞాపకం, ఏకాగ్రత వంటివాటిని ప్రశ్నలతో చూసే చిన్న పరీక్ష)లో 27, ఏడాది తరువాత అలాంటిదే అయిన మోకా పరీక్షలో 23 వచ్చాయని చెప్పి, ఆయన జ్ఞాపకశక్తి ఎంత తగ్గిందని అడిగాము. చెప్పలేమన్నదే సరైన జవాబు. 1975లో వెలువడిన ఎంఎంఎస్ఈకీ, 2005లో వెలువడిన మోకాకూ మొత్తం మార్కులు 30 చొప్పునే అయినా, రెండవది కఠినమైనది కనుక ఒకే మనిషికి ఒకే వారంలో రెండూ పెట్టినా రెండవదానిలో సాధారణంగా తక్కువే వస్తాయి.

ఈసారి పరీక్ష ఒక్కటే అనుకుందాం: మొదట 26, ఏడాదికి 24. ఇంట్లోవారు వెంటనే బెంగపడతారు. కానీ ముందురోజు నిద్ర పట్టకపోయినా, కళ్లజోడు మరచి వచ్చినా, వినికిడి యంత్రం సరిగా పనిచేయకపోయినా ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి. ఈ ఊగిసలాటను దాటిన తేడానే మార్పుగా లెక్కించాలని మనస్తత్వ శాస్త్రవేత్తలు జేకబ్సన్, ట్రూయాక్స్ 1991లో ఒక పద్ధతిని వివరించారు. మానసిక చికిత్స ఫలితాలను తూచడానికి వారు చెప్పిన ఆ 'నమ్మదగిన మార్పు సూచిక' తరువాత జ్ఞాపకశక్తి పరీక్షలకూ వాడుకలోకి వచ్చింది.

దీనికి రెండు అంకెలు కావాలి. ఒకటి, అదే వయసు, అదే చదువు ఉన్న ఆరోగ్యవంతుల మార్కుల ప్రామాణిక విచలనం, అంటే మార్కులు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉంటాయో చెప్పే అంకె. రెండవది, వారికే పరీక్షను మళ్లీ పెట్టినప్పుడు తేలే విశ్వసనీయత గుణకం, అంటే రెండుసార్ల మార్కులు ఎంతగా కలుస్తాయో చెప్పే అంకె (పూర్తిగా కలిస్తే 1). లెక్క కోసం వీటిని 3, 0.84 అనుకుందాం. 1లోంచి 0.84 తీసివేస్తే 0.16, దాని వర్గమూలం 0.4, దానిని 3తో గుణిస్తే 1.2, ఇది ఒక్క కొలతలోని దోషం. మనం పోల్చేది రెండు కొలతలను కాబట్టి, దానిని 2 వర్గమూలమైన 1.414తో గుణించాలి: సుమారు 1.70. తేడా –2ను దీనితో భాగిస్తే –1.18 వస్తుంది. నూటికి తొంభై పాళ్ల నమ్మకానికి హద్దు –1.645 కనుక ఇది హద్దు లోపలే ఉంది, అంటే మార్పుగా లెక్కించలేం.

అయితే ఇక్కడ ఆగిపోవడమే చాలామంది చేసే పొరపాటు. ఒకసారి రాసిన పరీక్షను మళ్లీ రాసేటప్పుడు, ప్రశ్నలు గుర్తుండడం వల్లనో బెరుకు తగ్గడం వల్లనో, ఆరోగ్యవంతులకు కొంత పెరుగుతుంది. పోలిక బృందానికి అదే వ్యవధిలో సగటున ఒక మార్కు పెరిగిందనుకుంటే, మన పెద్దాయన చేరవలసినది 27, చేరినది 24. అప్పుడు –3ను 1.70తో భాగిస్తే –1.76 వచ్చి హద్దు దాటుతుంది. అవే మార్కులకు తీర్పు మారిపోయింది. ఇలా తేలినా రోగమని నిర్ణయించకూడదు. ఏ మార్పూ లేనివారిలోనూ నూటికి అయిదుగురు కేవలం యాదృచ్ఛికంగా ఈ హద్దు కిందికి పడతారు. మూడవ కొలత తీసుకోవాలి, వైద్యునికి చూపాలి.

పరీక్ష పెట్టేవారు మారినా అంకె మారుతుంది. మన ఇళ్లలో తేదీ అడిగితే "ఇవాళ కార్తీక శుద్ధ చవితి" అని తడుముకోకుండా చెప్పే అమ్మమ్మలున్నారు. ఆ జవాబుకు మార్కు ఇవ్వాలా వద్దా అన్నది ఆ పరీక్ష తెలుగు రూపంలోని నియమాన్ని బట్టి ఉంటుంది. మొదటిసారి ఇచ్చి రెండవసారి ఇవ్వకపోతే మాత్రం, తగ్గినది అమ్మమ్మ జ్ఞాపకం కాదు.

అభ్యాసం: మొదట 28, తరువాత 25, విచలనం 2.5, గుణకం 0.75, అలవాటు వల్ల సగటు పెరుగుదల 0.5. సూచిక కట్టండి. జవాబు –1.98కి దగ్గరగా రాకపోతే 2 వర్గమూలంతో గుణించారో లేదో చూసుకోండి.

4వ పాఠంలో, వయసుతో మేధాశక్తి ఎలా మారుతుందో చూడడానికి మనస్తత్వ శాస్త్రవేత్త వార్నర్ షాయి 1956లో ప్రారంభించి ఏడేళ్లకొకసారి కొలతలు తీసిన సియాటిల్ అధ్యయనాన్ని తీసుకుని, మళ్లీ పరీక్షకు రానివారి వల్ల సగటు ఎలా మోసం చేస్తుందో చూద్దాం.