మృగశిర రాకముందే అటక మీది ఫిల్టరు దించండి

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు బెజవాడ పాయకాపురంలో మా వీధిలోకి వచ్చేసరికే కరెంటు పోయింది. మేముండేది మొదటి అంతస్తు కాబట్టి మంచాలు తడవలేదు. వంటింటి గోడకున్న ఆర్‌వో మిషను మాత్రం దిష్టిబొమ్మతో సమానమైంది. దాని ట్యాంకులో మిగిలిన ఏడెనిమిది లీటర్లూ మధ్యాహ్నానికే అయిపోయాయి. అప్పుడు మా అత్తయ్య, "అటక మీద పాత స్టీలు ఫిల్టరు ఉండాలి, ఓసారి చూడమ్మాయ్" అంది.

ఉంది. ఆర్‌వో కొన్న రోజున నేనే దాన్ని పేపర్లో చుట్టి పైకెక్కించాను. దించి విప్పితే రెండు క్యాండిళ్ల మీదా నల్లటి బూజు మచ్చలు. ఒకదానికి అడుగు దగ్గర వెంట్రుకంత పగులు. రబ్బరు వాషర్లు పట్టుకుంటే అప్పడాల్లా విరిగిపోయాయి. కరెంటు అక్కర్లేని ఫిల్టరు ఇంట్లోనే ఉంది గానీ దాంతో ఒక్క గ్లాసు నీళ్లు వడకట్టుకోలేకపోయాం. స్లాబు మీద పట్టిన వాన నీళ్లు కాచుకుని, ఆ తర్వాత పడవల్లో తెచ్చిచ్చిన సీసాలతో రోజులు నెట్టాం.

అప్పటి నుంచి మా ఇంట్లో రోహిణి కార్తెలో ఒక పూట ఫిల్టరు పనికే. ఆవకాయ జాడీలు సర్దడం అయిపోతుంది, పిల్లలకు సెలవులు, ఎండ బాగా ఉంటుంది. జూన్ ఏడెనిమిది తేదీల్లో మృగశిర వచ్చేలోపు ఈ పని అయిపోవాలి.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ ఫిల్టరు ఏం ఆపుతుంది, ఏం ఆపదు? క్యాండిల్ అంటే మట్టిని కాల్చి చేసిన గుల్ల గొట్టం. మంచి క్యాండిల్‌లో రంధ్రాలు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి. మట్టి, తుప్పు, కలరా, టైఫాయిడ్ తెచ్చే బ్యాక్టీరియా, అమీబా, జియార్డియా లాంటివి చాలావరకు దాని గోడ దగ్గరే ఆగిపోతాయి. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు వీటికంటే ఎన్నో రెట్లు చిన్నవి. వాటి విషయంలో క్యాండిల్‌ను నమ్ముకోకూడదు. నీళ్లలో కరిగిపోయిన ఉప్పు, ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా దీంట్లోంచి దర్జాగా దిగిపోతాయి. పురుగుమందులకూ కిరసనాయిలుకూ ఇది అడ్డం కాదు.

కాబట్టి ఇంటికి వచ్చే నీళ్లేవో చూసుకోండి. బెజవాడలో కార్పొరేషన్ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు నోటికి ఉప్పగా తగలవు. వాటికి ఇలా కరెంటు లేకుండా నీళ్లు తమ బరువుతోనే దిగే గ్రావిటీ ఫిల్టరు సరిపోతుంది. బోరు నీళ్లయితే ముందు టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, చూడాలి. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా పర్వాలేదు. 500 లోపు ఉన్న చోట ఆర్‌వో మిషన్లు వాడనివ్వొద్దని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా చెప్పింది. బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉంటే మామూలు రోజుల్లో ఆర్‌వో వాడుకోండి, క్యాండిల్ ఫిల్టరు కరెంటు లేని రోజుకు ఉంచుకోండి.

ఇక్కడే ఇంకో మాట. టీడీఎస్ మీటరు అంకె తక్కువ చూపించిందని నీళ్లు శుభ్రమనుకోకండి. అది కరిగిన లవణాలను చూస్తుంది, క్రిములను చూడలేదు. ఇంటికొచ్చే సేల్స్ కుర్రాళ్లు గ్లాసులో రెండు కడ్డీలు పెట్టి కరెంటు ఇచ్చి, "చూశారా మేడమ్, మీ నీళ్లలో ఎంత మురికో" అంటారు. ఆ గోధుమరంగు తెట్టు చాలావరకు ఇనప కడ్డీ కరిగితే వచ్చింది. లవణాలున్న మంచి నీళ్లలో పెట్టినా అలాగే వస్తుంది. గుంటూరులో 2018 మార్చిలో ఆనందపేట వైపు అతిసారం ప్రబలి మనుషులు పోయారు. తాగే నీటి పైపుల్లోకి మురుగు చేరడం వల్లనే అని అప్పట్లో అందరూ మాట్లాడుకున్నారు. అలాంటి నీళ్లను మీటరు అంకెతో పసిగట్టలేం. పైగా అది వానాకాలం కూడా కాదు.

కొత్తగా కొనేవాళ్లకు నా సలహా, ముందు మీ ఇంటి లెక్క వేసుకోండి. నలుగురికి తాగడానికీ వంటకూ కలిపి రోజుకు పన్నెండు నుంచి పదహారు లీటర్లు కావాలి. ఒక్క క్యాండిల్ గంటకు ఇచ్చేది అర లీటరు, మహా అయితే లీటరు. అదీ పై గిన్నె నిండా ఉన్నప్పుడే. నీటి ఎత్తు తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది, గిన్నె సగానికి దిగితే ధార కూడా సగమే. అందుకని మూడు క్యాండిళ్లు పట్టే ఇరవై లీటర్ల ఫిల్టరు తీసుకుని, రాత్రి పడుకునే ముందు నిండా పోసేస్తే తెల్లారేసరికి కింది గిన్నె నిండుతుంది. చిన్నది కొని రోజుకు ఆరుసార్లు పోసుకుంటూ కూర్చోవడం నాలుగో రోజుకే విసుగొస్తుంది.

స్టీలా, ప్లాస్టిక్కా అంటే నేను స్టీలు అంటాను. వేడినీళ్లు పోసి కడగొచ్చు, కింద పడితే సొట్ట పడుతుంది గానీ పగలదు. ప్లాస్టిక్ వాటిలో బొగ్గు, సన్నటి పొర కలిపిన కార్ట్రిడ్జిలు ఉంటాయి, కొన్ని రకాలు క్యాండిల్ కంటే బాగా వడకడతాయి కూడా. వాటికి ఇన్ని లీటర్లని లెక్క ఉంటుంది. కొన్నిటిలో ఆ లెక్క దాటితే నీళ్లు ఆగిపోయే ఏర్పాటు ఉంది, అది మంచిదే. బురద నీళ్లు పోస్తే మాత్రం ఆ లెక్క చాలా ముందే అయిపోతుంది. కొనే ముందు అదే కొట్లో "దీనికి విడిగా కార్ట్రిడ్జి ఉందా, ఇప్పుడే ఒకటి ఇవ్వండి" అని అడగండి. ఇంట్లో పాత మోడల్ ఉన్నవాళ్లు కూడా, దానికి సరిపోయేది ఇంకా వస్తోందో లేదో మేలోనే తెలుసుకోవాలి.

క్యాండిళ్ల దగ్గర పొదుపు చేయకండి. వరద తర్వాత హడావిడిలో ఒక కొట్లో పేరూ ఊరూ లేని క్యాండిళ్లు సగం ధరకి తెచ్చాను. రెండోసారి కడిగేసరికి కింది ప్లాస్టిక్ బిళ్ల జిగురు ఊడి చేతికొచ్చింది. ఊడకముందు ఎన్నాళ్లు ఆ సందులోంచి వడకట్టని నీళ్లు దిగాయో, మేం తాగామో! ఇప్పుడు వన్‌టౌన్ స్టీలు సామాన్ల కొట్లకు వెళ్లేటప్పుడు పాత క్యాండిల్‌ను సంచిలో వేసుకెళ్తాను, మర సైజు కుదరాలి కదా. కుండ కొన్నట్టు వేలితో కొట్టి వింటాను, వెలుతురులో తిప్పి చూస్తాను, బిళ్ల చుట్టూ జిగురు ఎక్కడా తెగకుండా ఉందో లేదో చూస్తాను. వాషర్లు, రెక్కల నట్లు రెండేసి ఎక్కువే తెస్తాను.

ఇక కడగడం. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. క్యాండిల్ ఊడదీసి, దాని అడుగున మర ఉన్న సన్న గొట్టం పైకి వచ్చేలా తలకిందులుగా పట్టుకుని, కుళాయి ధార కింద మెత్తటి బ్రష్షుతో రుద్దండి. ఇలా పట్టుకుంటే మురికి నీళ్లు గొట్టం వైపు పోవు. ఆ గొట్టం లోపలి వైపే మనం తాగే నీళ్లు ఉండేది, అక్కడికి ఒక్క బొట్టు మురికి వెళ్లినా ఇంత కష్టమూ వృథా. క్యాండిల్‌కు సబ్బు, విమ్ లాంటివి అస్సలు తగలకూడదు. మట్టి వాటిని పీల్చుకుని వారం రోజులు అదే వాసన కక్కుతుంది. పై పొర కాస్త అరిగి తెల్లటి మట్టి బయటపడితే చాలు. కొందరు క్యాండిళ్లను నీళ్లలో వేసి ఉడకబెడతారు. ఉత్త మట్టి క్యాండిల్‌కైతే ఫర్వాలేదు, లోపల బొగ్గు ఉన్నవాటికీ జిగురుతో బిళ్ల అంటించినవాటికీ అది పనికిరాదు. రోళ్లు పగిలే రోహిణి ఎండలో వీటిని ఆరబెట్టొద్దు, నీడలో గాలికి పెట్టండి. దాచిపెట్టేవైతే పూర్తిగా ఆరాకే చుట్టాలి. మా వాటికి బూజు పట్టింది అందుకే, తడి మీదే చుట్టేశాను.

ఇక రెండు పరీక్షలు. మొదటిది బిగించాక, వాషర్లకు. పై గిన్నెలో వాషరు మునిగేంత వరకే, తెల్లటి మట్టి భాగానికి తగలకుండా కాసిని నీళ్లు పోసి పావుగంట ఆగండి. కింద చుక్క పడిందంటే అది వాషరు పక్క నుంచి దిగిందే. నట్టు బిగించండి, అప్పటికీ కారితే వాషరు మార్చండి. రెండోది పగులుకు. ఇది బిగించే ముందే చేసుకుంటే సులువు. బాగా నానిన క్యాండిల్‌ను బకెట్ నీళ్లలో ముంచి, గొట్టానికి శుభ్రమైన సన్నటి పైపు తొడిగి నెమ్మదిగా ఊదండి. ఒకేచోట నుంచి బుడగలు బారుగా వస్తే అక్కడ పగులుంది. దాన్ని పారేయడమే, ఫెవిక్విక్ వైద్యాలు వద్దు.

ఆ తర్వాత గిన్నె నిండా నీళ్లు పోసి, ఒక గంటలో ఎన్ని లీటర్లు దిగాయో కొలిచి, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి ఫిల్టరుకు అంటించండి. ఇది మా చిన్నాడి డ్యూటీ. వేగం మెల్లగా తగ్గుతుంటే కడగాలని అర్థం. కడిగినా పెరగకపోతే, అరిగి అరిగి సన్నబడిపోతే, లేదా ఏడాది దాటితే మార్చేయాలి. కడక్కుండానే ఉన్నట్టుండి వేగం పెరిగిందా, సంతోషపడకండి. ఎక్కడో పగిలిందన్నమాట. ఆర్‌వో అయితే ఎర్రలైటు వెలిగిస్తుంది, బీప్ అంటుంది. క్యాండిల్ పగిలినా నోరెత్తదు, నీళ్లు ఇంకా చురుగ్గా ఇస్తుంది. కొత్త క్యాండిల్ వేసినప్పుడు మొదటి రెండు మూడు గిన్నెల నీళ్లు మొక్కలకు పోసేయండి, మట్టి వాసన పోతుంది.

అందరూ మరిచేది కింది గిన్నెనీ కుళాయినీ. వడకట్టి నిలవుంచిన నీళ్లలో క్లోరిన్ పెద్దగా మిగలదు, బొగ్గున్న క్యాండిల్ అయితే మరీను. కాపలా లేని నీళ్లవి. మూత తీసి గ్లాసు ముంచినా, తుడిచే గుడ్డతో లోపల తుడిచినా, అన్నం తింటున్న చేత్తో కుళాయి తిప్పినా క్రిములు మళ్లీ చేరతాయి. వారానికోసారి కింది గిన్నెను సబ్బుతో కడిగి, స్టీలుదైతే మరిగే నీళ్లతో తొలవండి. కుళాయి విప్పి దాని గొట్టంలో వేలు పెట్టి చూడండి. జిగటగా తగిలితే అది పాచి, సీసాలు కడిగే సన్న బ్రష్షుతో పోయేదాకా రుద్దాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే తాగేయడం మేలు.

వరద రోజుల మాట. ఫిల్టరు ఉంది కదా అని వీధిలోని వరద నీళ్లు ముంచి పోసేరు! అందులో మురుగే కాదు, బండ్ల డీజిలు, కొట్లలోంచి కొట్టుకొచ్చిన మందులు, ఇంకా ఏవేవో ఉంటాయి. కాచినా అవి పోవు. కరెంటు పోకముందు నింపుకున్న పైట్యాంకు నీళ్లు, మొదటి జల్లు వదిలేసి స్లాబు మీద పట్టిన వాన నీళ్లు, ట్యాంకరు నీళ్లు ఫిల్టరుకు పోయొచ్చు. సంపు మునిగితే అందులో నీళ్ల సంగతి మరిచిపోండి.

కృష్ణకు కొత్తనీరు వచ్చినప్పుడు గానీ పైపులు చెడినప్పుడు గానీ కుళాయి నీళ్లు రంగు మారితే నేరుగా క్యాండిల్ మీద పోయకండి, పూటలో మూసుకుపోతుంది. బిందెలో రాత్రంతా కదపకుండా ఉంచండి. మా అమ్మమ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసేది, పొద్దుటికి మట్టి అడుగున గడ్డకట్టినట్టు ఉండేది. పటిక ముక్క నాలుగైదు చుట్లు తిప్పినా అదే పని చేస్తుంది. పైన తేరిన నీళ్లను పాత నూలు చీర నాలుగు మడతలు వేసి వడకట్టండి. ఇదేదో పాతకాలపు చాదస్తం అనుకోవద్దు. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా చీర మడతలతో వడకడితే కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ఒక పరిశోధన తేల్చింది.

ఆ తర్వాత గ్యాస్ ఉంటే కాచండి, బాగా తెర్లాక ఒక నిమిషం చాలు. గ్యాస్ తక్కువుంటే ప్యాకెట్ మీది కొలత ప్రకారం క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగండి. క్లోరిన్ వైరస్‌లను చంపుతుంది గానీ జియార్డియా లాంటి గట్టి పెంకు క్రిములు దానికి త్వరగా లొంగవు, వాటిని క్యాండిల్ ఆపుతుంది. రెండూ కలిస్తేనే పని పూర్తవుతుంది. కాచిన నీళ్లు పూర్తిగా చల్లారాకే ఫిల్టరులో పోయాలి, వేడికి క్యాండిల్ జిగురు వదిలేస్తుంది.

వరద నీళ్లు ఫిల్టరు దాకా వచ్చి అది మునిగి ఉంటే స్టీలు గిన్నెలు మాత్రమే దక్కినట్టు. క్యాండిళ్లు, వాషర్లు, ప్లాస్టిక్ కుళాయి అన్నీ పారేసి కొత్తవి వేసుకోండి. మా ఇంట్లో ఇప్పుడు రెండు కొత్త క్యాండిళ్లు, నాలుగు వాషర్లు, క్లోరిన్ మాత్రలు, పటిక ముక్క, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఒక మూత డబ్బాలో పెట్టి వంటింటి పై అరలో ఉంచాం. మాత్రల మీద గడువు తేదీ ఏటా చూస్తాం. ఎంత చేసినా ఇంట్లో ఎవరికైనా నీళ్ల విరేచనాలు మొదలైతే ఆ ఓఆర్‌ఎస్ కూడా కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపండి. పసిపిల్లలు మగతగా ఉన్నా, మలంలో రక్తం పడినా, ఒంటేలు తగ్గినా పడవ దొరికిన మొదటి పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి.