లోరా నోడ్లకు గాలిలోంచే సీక్రెట్ కీ తీయడం

నా సెటప్ చిన్నదే: 866 మెగాహెర్ట్జ్‌లో రెండు ఎస్‌ఎక్స్1276 బోర్డులు (లోరా అనే, తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో పద్ధతి చిప్పులున్నవి). ఒకటి మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన, ఇంకోటి నా చేతిలో. అది పింగ్ చేస్తే ఇది వెంటనే బదులిస్తుంది, రెండూ ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం) రాసుకుంటాయి. దారి అటూ ఇటూ ఒకటే కాబట్టి సిగ్నల్ ఎత్తుపల్లాలు రెండు వైపులా దాదాపు ఒకేలా పడతాయి. వాటి నుంచే, కీని గాలిలో పంపకుండా, రెండూ ఒకే సీక్రెట్ కీ తయారుచేసుకుంటాయి.

మొదటిసారి రెండింటినీ బల్ల మీదే పెట్టాను. గంటసేపు -61, -61, -60. అందులో రహస్యం ఏముంది, నా బొంద! ఒకదాన్ని పట్టుకుని తిరగాల్సిందే.

స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (పెంచేకొద్దీ ప్యాకెట్ పంపే సమయం పెరిగే లోరా సెట్టింగ్) 7 పెట్టండి. 125 కిలోహెర్ట్జ్‌లో 10 బైట్ల ప్యాకెట్‌కు సుమారు 40 మిల్లీసెకన్లు చాలు. 12 పెడితే దగ్గరదగ్గర సెకను. బదులొచ్చేలోపు రెండడుగులు వేసేస్తారు, 35 సెంటీమీటర్ల తరంగానికి అది చాలా ఎక్కువ.

దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గడం ఎవరైనా ఊహించగలరు, కాబట్టి ముందు ప్రతి రీడింగ్‌లోంచి కదిలే సగటు (దాని చుట్టుపక్కల రీడింగుల సగటు) తీసేయండి. మిగిలినదాంట్లో బాగా పైనున్నవి 1, బాగా కిందున్నవి 0, మధ్యలోవి చెత్తబుట్టకు. ఏ వరుస సంఖ్యల రీడింగులు ఉంచారో మాత్రమే ఒకరికొకరు చెప్పుకోవాలి, విలువలు కాదు. ఇంకా తేడా పడే బిట్లను బీసీహెచ్ కోడ్‌తో (తప్పు బిట్లను సరిచేసే ఒక కోడ్) దిద్దండి. ఆ దిద్దుబాటులో కొంత బయటికి పొక్కుతుంది గనక నేను 128కి మూడింతల బిట్లు పోగేసి, ఎస్‌హెచ్‌ఏ-256 అనే హాష్‌లో (ఎంత డేటా ఇచ్చినా 256 బిట్లుగా కలిపేసేది) వేసి, మొదటి 128 బిట్లను ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌కు కీగా వాడతాను.