తలుపు వెనక గవ్వల కళ్లు కనిపిస్తే

పోయిన నెల, ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక తెలుగమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, పేషెంట్ ఇంట్లో తలుపు వెనక సిమెంటు తలకాయ ఉంది. కళ్లకు గవ్వలు పెట్టారు. వీళ్లు చేతబడి చేస్తారా? మళ్లీ వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది" అంది. నేను మయామీలో పదకొండేళ్లుగా ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఎక్కువగా క్యూబా, హైతీ కుటుంబాల వాళ్లే. ఆ అమ్మాయికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఆ తలను ముట్టుకోవద్దు, జరపొద్దు. ఆయన ఎలెగ్గువా అనే దేవుడు. క్యూబాలోని సాంతెరియా మతంలో దారి తెరిచేదీ, మూసేదీ ఆయనే. నాలుగు దారులు కలిసేచోటు ఆయనది, గడప ఆయనది. అందుకే తలుపు దగ్గర కూర్చోబెడతారు. ఏ పూజలోనైనా మొదటి పిలుపు ఆయనకే. ఇక్కడ మనవాళ్లకు వినాయకుడు గుర్తొస్తాడు. అంతవరకు నిజమే, కానీ ఆ పోలికను అక్కడితో ఆపండి. ఈయన కథలు వేరు, స్వభావం వేరు.

నేను మొదటి ఏడాదే తప్పు చేశాను. వాకర్ పట్టేలా తలుపు బార్లా తెరవాలని, ఆయన్ని పెట్టిన మట్టి పళ్లేన్ని కాలితో పక్కకు నెట్టాను. మంచం మీద ఉన్న పెద్దావిడ ముఖం పాలిపోయింది. తిట్టలేదు. ఆ రోజు మాత్రం ఒక్క అడుగు కూడా వెయ్యనంది. కూతురిని అడిగితే అప్పుడు తెలిసింది. సోమవారం ఆయన రోజు, మూడు ఆయన అంకె, ఎరుపు నలుపు ఆయన రంగులు, మిఠాయి అంటే ఇష్టం. తర్వాతి సోమవారం మూడు పిప్పరమెంట్లు తీసుకెళ్లి, పెద్దావిడ చేతికే ఇచ్చి క్షమించమన్నాను. ఆవిడే పళ్లెంలో పెట్టింది. మీరు కూడా నేరుగా పెట్టకండి, ఇంటివాళ్ల చేతికివ్వండి.

హైతీ ఇంటికి వెళ్తే రూపం మారుతుంది. సాంతెరియాలో ఎలెగ్గువాను ఎక్కువగా చిన్నపిల్లవాడిగా చూస్తారు. అందుకే మిఠాయిలు, బొమ్మలు. హైతీలోని వోడూ మతంలో పాపా లెగ్బా చేతికర్ర ఊతంగా నడిచే ముసలాయన. గడ్డి టోపీ, భుజాన సంచీ, నోట్లో పైపు. వాళ్ల దేవతలను ల్వా అంటారు. లెగ్బా గేటు తీస్తే తప్ప మిగతా ల్వాలు రారు.

అందరూ పొరబడేది పటాల దగ్గర. హైతీ లాంటి ఫ్రెంచి వలసల్లోని ఆఫ్రికా బానిసలందరికీ కాథలిక్ బాప్తిస్మం ఇవ్వాలని ఫ్రెంచి రాజు 1685లో చట్టం చేశాడు. అలాంటి ఒత్తిడిలో ఆఫ్రికా దేవుళ్లు కాథలిక్ సెయింట్ల పటాల్లోకి చేరారు. ఊతకర్రలతో, పక్కన కుక్కలతో ఉండే సెయింట్ లాజరస్ పటం హైతీ ఇంట్లో ఉంటే లెగ్బా కావచ్చు. క్యూబా ఇంట్లో అదే పటం జబ్బులు నయం చేసే బబలూ అయే. కాబట్టి పటం చూసి పేరు చెప్పేయకండి, "ఈయన ఎవరు?" అని అడగండి. అలా అడిగితే నా అనుభవంలో ఒక్కరు కూడా కోపగించుకోలేదు.

"సైతాను" అన్న మాట మాత్రం వాడొద్దు. ఈ దేవుడి మూలం పశ్చిమ ఆఫ్రికా. నైజీరియా ప్రాంతపు యొరుబా వాళ్లకు ఎషూ, బెనిన్‌లోని ఫోన్ ప్రజలకు లెగ్బా. యొరుబా బైబిల్లో సైతానుకు ఎషూ పేరే పెట్టారు, దాంతో ఆ నింద అంటుకుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఎషూ మనుషుల మాటలను దేవుళ్లకు చేరవేసే దూత. తగవు పెట్టిన కథ ఉంది, ఒప్పుకుంటాను. ఇద్దరు స్నేహితులు ఆయన్ని తలుచుకోకుండానే ఎన్నటికీ విడిపోమని ప్రమాణం చేసుకున్నారు. ఎషూ ఒకవైపు ఎర్రగా, ఇంకోవైపు తెల్లగా ఉన్న టోపీ పెట్టుకుని వాళ్ల పొలాల మధ్య గట్టు మీద నడిచాడు. ఎరుపని ఒకడు, తెలుపని ఇంకొకడు కొట్టుకున్నారు. ఇద్దరూ చూసింది నిజమే. ఈ కథ విన్నాక, పేషెంట్ నొప్పి గురించి తల్లి ఒకటీ, కొడుకు ఒకటీ చెబితే ఇద్దరి మాటా రాసుకుంటున్నాను.

హైతీ కుటుంబం వేడుకకు పిలిస్తే వెళ్లండి. నేలమీద మొక్కజొన్న పిండితో ముగ్గులాంటి వేవే వేస్తారు. నాట్యం చేసేవాళ్ల పాదాల కింద అది చెరిగిపోతుంది, కానీ ముందుగా తొక్కేది మీరు కాకూడదు. అడక్కుండా ఫోన్ తియ్యొద్దు. రాత్రిపూట కూడలికి అధిపతి అయిన కాఫూ పేరు వినబడితే నవ్వుతూ మాట్లాడకండి. ఆయన ఉగ్రరూపి, ఇంటివాళ్లే జాగ్రత్తగా ఉంటారు.

ఇంకొకటి. పాతకాలపు హైతీ ఇంటి గడప దగ్గర బెల్ కోసం వెతక్కండి. "ఒనే" అని పిలవండి, గౌరవం అని అర్థం. లోపలి నుంచి "రెస్పే" అని వినబడ్డాకే కాలు లోపల పెట్టండి.