మంచం దిగలేని మిలటరీ తాతకు లైఫ్ సర్టిఫికెట్: అక్కడ బ్యాంకు పేరు నొక్కకండి

పెన్షన్ తీసుకునేవాళ్లు బతికే ఉన్నామని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కోసం, పోయిన నవంబరులో మా వీధి సుబేదారు తాతను ఆటోలో పడుకోబెట్టి నెట్ సెంటరుకు తెచ్చారు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. వేలిముద్ర నాలుగోసారికి పడింది, ఐదొందలు తీసుకున్నారు. అయినా పెన్షన్ ఆగింది. తప్పు వేలిముద్రది కాదు, ఫారంలో ఒక గడిది.

అసలాయన్ని కదపక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ (సర్టిఫికెట్ తయారుచేసేది), ఆధార్ ఫేస్ ఆర్‌డీ (ముఖం గుర్తుపట్టేది) యాప్‌లు వేసుకుని, ముందు మీ ఆధార్‌తో ఆపరేటర్‌గా, అంటే తాత తరఫున ఫోన్ నడిపే మనిషిగా నమోదవండి. కొడుకే కానక్కర్లేదు, కోడలైనా పక్కింటి కుర్రాడైనా సరే. తర్వాత తాత వివరాలు, ఓటీపీ, ముఖం ఫొటో. గడువు నవంబరు. ఎనభై దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు.

ఇక ఆ గడి. డిస్‌బర్సింగ్ ఏజెన్సీ, అంటే పెన్షన్ ఇచ్చేదెవరు అని అడుగుతుంది. పాస్‌బుక్ చూసి అందరూ బ్యాంకు పేరే నొక్కుతారు. రక్షణ శాఖ పెన్షన్ స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారాక బ్యాంకులో డబ్బు పడుతుందంతే, ఇచ్చేది ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ శాఖ పెన్షన్ల లెక్కల ఆఫీసు, పీసీడీఏ. కాబట్టి అక్కడ స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అన్నదే ఎంచుకోవాలి. ఊరి పేరు అలహాబాద్ అని కనిపిస్తే కంగారుపడకండి, పాత పేరే. పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నంబరు కూడా స్పర్శ్ ఇచ్చినదే వేయాలి, ట్రంకుపెట్టెలోని పాత కాగితం మీదిది కాదు.

సర్టిఫికెట్ నంబరు, అంటే ప్రమాణ్ ఐడీ మెసేజ్ రాగానే పని అయిపోయిందనుకోవద్దు. అది సర్టిఫికెట్ తయారైందని చెప్పడమే. స్పర్శ్‌లో ఆమోదించినట్టు కనిపించేదాకా చూస్తూ ఉండండి.

ఫొటోకి వెలుగు ముఖం మీద పడాలి, కిటికీ వీపు వెనక ఉండకూడదు. మళ్లీ పంపినప్పుడు సుబేదారు తాతకు తలకింద రెండు దిళ్లు పెట్టి కళ్లద్దాలు తీశాం. కెమెరా చూడగానే పరేడ్‌లో ఉన్నట్టు బిగుసుకుపోయి రెప్పే వేయలేదు. "తాతయ్యా, ఒక్కసారి కన్ను కొట్టవా" అని మనవరాలు అడిగితే గానీ పని కాలేదు.

ఫోన్‌తో కుదరకపోతే పోస్టాఫీసులో చెప్పండి. పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా చేస్తాడు, 70 రూపాయలు. ఆయనకీ ఆ గడి దగ్గర ఒకసారి గుర్తుచేయండి. "స్పర్శ్ నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి" అని ఫోనొస్తే మాత్రం పెట్టేయండి.

ఈపాటికే పెన్షన్ ఆగిపోయి ఉంటే భయపడకండి. సరైన వివరాలతో మళ్లీ పంపితే బకాయిలతో సహా వస్తుంది. సుబేదారు తాతకూ అలాగే వచ్చింది.