నొప్పి పోయిందని పుచ్చు పన్నుని వదిలేయకండి: రూట్ కెనాల్ గురించి తెలుసుకోవాల్సింది

రాత్రి పడుకోగానే పన్ను లాగేస్తోందా? వేడి టీ తాగాక సలుపు ఎంతసేపటికీ తగ్గడం లేదా? అయితే పుచ్చు పైపైన ఆగకుండా పన్ను మధ్యలో నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు దాకా దిగి ఉండొచ్చు.

మన నెల్లూరు, ఒంగోలు పల్లెల్లో మామూలుగా జరిగేదేంటంటే, ముందు లవంగం నూనె పెడతారు, తర్వాత ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర మాత్రలు తెచ్చుకుంటారు, కొన్నాళ్లకి నొప్పి పోతుంది, ఇంక డాక్టర్ ఎందుకులే అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే. నరం చచ్చిపోయినా నొప్పి ఆగిపోతుంది. కానీ క్రిములు లోపలే పెరుగుతూ వేరు కొస దాటి ఎముకలోకి దిగి చీము పట్టిస్తాయి, కొందరికి చిగురు మీద చిన్న పొక్కులా లేచి చితుకుతుంటుంది కూడా. మరి యాంటీబయాటిక్ వాడాం కదా అంటారా, మందు ఎక్కడికైనా రక్తంతో పాటే చేరాలి, నరం చచ్చిన పన్ను లోపలికి రక్తమే పోదు. అందుకే ఎన్ని కోర్సులు వాడినా మళ్లీ మొదటికొస్తుంది. నొప్పి మాత్రని చిగురు మీద పెట్టుకోవడం మాత్రం అస్సలు చేయకండి, అక్కడ కాలి పుండవుతుంది.

వాపు దవడ కిందికి, మెడకి పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.

ఇక రూట్ కెనాల్ చికిత్స సంగతి, అంటే పన్ను పీకకుండా లోపలి కుళ్లు తీసేసి మూసేయడం. ముందు ఎక్స్‌రే తీసి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. బాగా సలుపుతున్న కింది దవడ పన్నుకి ఒక్కోసారి మొదటి ఇంజెక్షన్ చాలదు, నొప్పి తెలుస్తుంటే చెయ్యెత్తి చెప్పండి, ఇంకాస్త మత్తు ఇస్తారు, ఓర్చుకోవాల్సిన అవసరమే లేదు. పన్ను చుట్టూ పల్చటి రబ్బరు షీటు బిగిస్తే ఉమ్మి లోపలికి పోదు, సూదులు గొంతులో జారవు; ఇది వాడతారా అని ముందే అడగండి. తర్వాత పైనుంచి చిన్న రంధ్రం చేసి, సన్నటి సూదుల్లాంటి ఫైళ్లతో వేరు లోపల ఉండే ఒక్కో సన్నటి కాలవలోంచి కుళ్లు తీస్తారు. ముందు పళ్లకి సాధారణంగా ఒకటే కాలవ, దవడ పళ్లకి మూడో నాలుగో ఉంటాయి, అందుకే వాటికి టైం పడుతుంది. మధ్యమధ్యలో బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చే మందుతో కడుగుతుంటారు. ఫైలు చేరని సందుల్లో క్రిముల్ని చంపేది ఆ మందే. చివర గట్టా పెర్చా అనే చెట్టు పాల రబ్బరుతో చేసిన పుల్లలు పెట్టి కాలవల్ని మూసేస్తారు.

అయిపోయాక ఎక్స్‌రే చూపించమనండి. వేరు మధ్యలో తెల్లటి గీత కొస దగ్గర దాకా ఖాళీ లేకుండా కనిపించాలి, సగంలో ఆగినట్టుంటే ఎందుకో అడగండి. డబ్బులు తీసుకున్న డాక్టర్ని ఈ మాట అడగడానికి మొహమాటపడొద్దు.

షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నా, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. ఆ మాత్రల్ని మీ అంతట మీరు ఆపొద్దు.

“పీకించెయ్ అబ్బయా, పీడ పోద్ది” అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. పై పన్ను పీకితే చూపు పోతుందని భయపెట్టేవాళ్లూ ఉంటారు, అది నిజం కాదు. పన్ను వేరు దాకా చీలిపోయినా, నిలబెట్టడానికి ఏమీ మిగలకపోయినా పీకించడమే దారి. నిలబడే పన్నయితే కాపాడుకోండి, ఎందుకంటే ఖాళీ వదిలేస్తే పక్క పళ్లు అటు ఒరుగుతాయి. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు పసుపు, గోధుమ రంగు తిరిగినవాళ్లు చాలామంది, ఒట్టి మచ్చలకి రూట్ కెనాల్ అక్కర్లేదు, ఎవరైనా అంటే ఇంకో డాక్టర్‌కి చూపించండి. ఖర్చుకి భయపడేవాళ్లు నెల్లూరులో నారాయణ డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ కనుక్కోండి.

చేయించుకున్న నాలుగైదు రోజులు నమిలితే కాస్త నొప్పి ఉంటుంది, అది మామూలే. వాపు వచ్చినా, నొప్పి పెరిగినా మళ్లీ వెళ్లాలి. తాత్కాలిక ఫిల్లింగ్‌తోనే నెలల తరబడి తిరగడం మాత్రం పెద్ద పొరపాటు, అది అరిగి ఊడితే క్రిములు మళ్లీ లోపలికి పోతాయి. దవడ పన్నుకైతే పైన తొడుగులా వేసే క్యాప్ తప్పనిసరిగా వేయించండి. పుచ్చు పోగా, రంధ్రం చేయగా మిగిలిన గోడలు పల్చబడి ఉంటాయి, క్యాప్ పడేదాకా చెక్కలు, చెరుకు లాంటివి రెండో వైపు నమలండి. ఏడాదికి ఇంకో ఎక్స్‌రే తీయిస్తే వేరు కొసన ఎముక మానిందో లేదో తెలిసిపోతుంది.