గడువులోపే కట్టినా పడిన లేట్ ఫీజు: నా అనుభవం

గడువు దాటకుండా కడుతున్నా మా నీటి బిల్లులో 3 నెలలు వరసగా లేట్ ఫీజు పడింది. కస్టమర్ కేర్‌కి ఫోన్లు, యాప్‌లో ఫిర్యాదు, కౌంటర్ దగ్గర బతిమాలడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి పాత బిల్లులన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి నెల నేను కట్టింది గడువు రోజు రాత్రి. వాళ్ల ఖాతాలో జమైంది 2 రోజుల తర్వాత. అలా పడిన ఫీజును నేను వదిలేసి, వాడకం డబ్బే కట్టాను. ఆ డబ్బు ముందు పాత బకాయికి పోయింది. కొత్త బిల్లులో అంత తక్కువపడి, మళ్లీ ఫీజు!

ముందు ఆ గొలుసు తెగాలని ఫీజులతో సహా మొత్తం కట్టేశాను. తర్వాత మా ఖాతా లెడ్జర్ (బిల్లులు, చెల్లింపులు, ఫీజులు వరసగా ఉండే పట్టిక) కాపీ తీసుకున్నాను. మొదటి ఫీజు పడిన వరస కింద గీత గీసి, ఆ నెల చెల్లింపు తేదీ, లావాదేవీ నంబరు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేశాను. అర్జీలో రెండే అడిగాను: కట్టిన తేదీని లెక్కలోకి తీసుకోండి, జమ ఆలస్యం వల్ల పడ్డ ఫీజులన్నీ తీసేయండి. అర్జీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. తర్వాతి బిల్లులో ఆ మొత్తం తగ్గించారు. ఎంత టెన్షన్ పోయిందో!

అన్నిచోట్లా ఇలాగే అవుతుందని చెప్పలేను. జమైన తేదీనే చూసే నగరాల్లో దీన్ని మినహాయింపుగా అడగాల్సి ఉంటుంది. నేనైతే ఇప్పుడు గడువుకు 4 రోజుల ముందే కట్టేస్తున్నాను.